ముడిబియ్యం మెత్తగా వండే తీరు

పోయిన నెల రాగి సంగటి గురించి రాసినాక మా వీధి ఆడబిడ్డలు ముగ్గురు నలుగురు నీళ్ల కొళాయి దగ్గర నన్ను నిలేసినారు. "సంగటి మాకు తెలీదా తాతా? అది నువ్వు చెప్పాలా? ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికి పోయినా బ్రౌన్ రైస్ తినమంటా ఉండారు. దాన్ని ఎంత ఉడికించినా నడుమ పలుకు పోదు. దాని సంగతి రాయి" అన్నారు. వాళ్లు అడిగింది న్యాయమే. నేను చదివింది 5వ తరగతి, చేసింది నూలు మిల్లులో 32 ఏళ్లు. అయినా ఈ అన్నం గురించి చెప్పే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటా. దీన్ని చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నోణ్ణి నేను.

మా ఇంట్లో జరిగింది ముందు చెప్తా. రెండేళ్ల కింద మా ఇంటామెకు షుగర్ బయటపడింది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, తెల్లన్నం తగ్గించమని, ముడిబియ్యం తినమని చెప్పింది. కోడలు పొద్దున 7 గంటలకే కంపెనీ బస్సెక్కుతుంది. కొడుకుది షిఫ్టు డ్యూటీ. ఇంటామెకు మోకాళ్ల నొప్పులు. పని లేకుండా ఉండేది నేనే కాబట్టి వంట నా మీద పడింది. హోసూరు బజారుకు పోయి 5 కిలోలు కొనుక్కొచ్చినా. తెల్లబియ్యం ఎట్ల వండుతామో అట్లే కడిగి, అట్లే నీళ్లు పోసి, మూడు విజిళ్లు రానిచ్చి దించినా. మూత తీస్తే అన్నం గులకరాళ్ల లెక్కన ఉంది. మనవడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "తాతా, ఇది కోళ్లకా?" అన్నాడు. ఇంటామె మాత్రం ఏమీ అనలేదు. నేను బాధపడతానని "బాగుంది లేవయ్యా" అనింది.

పది దినాలు అట్లే గడిచినాయి. ఒక మధ్యాన్నం ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టినాయి. చేతులు వణుకుతా ఉండాయి, మాట తడబడతా ఉంది. పక్కింటి బిడ్డ నర్సు పని చదువుకుంది. ఆమె పరుగున వచ్చి చూసి, తెలివిలోనే ఉంది, మింగగలదు అని, రెండు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాపించింది. కాసేపటికి తేరుకుంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. నేను వండిన అన్నం నమలలేక, నాకు చెప్పలేక, నాలుగు మెతుకులు తిని మిగతాది పక్కింటి ఆవుకు పెడతా ఉండింది. షుగరు మాత్ర మాత్రం మానలేదు. మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోతాదని డాక్టరమ్మ తరువాత చెప్పింది. ఆ దినం నాకు అర్థమయింది. మంచి తిండి అయినా సరే, నోటికి పోయేటట్ల వండకపోతే అది మంచి చెయ్యదు, ఒక్కోసారి కీడే చేస్తాది.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తా. చక్కెర పడిపోయినోళ్లకు తెలివి ఉండి, మింగే శక్తి ఉంటేనే నోట్లో తీపి పెట్టాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యండి.

సరే, ఇప్పుడు బియ్యం సంగతికి వద్దాం. వడ్ల గింజకు పైన ఊక ఉంటాది. ఊక తీసేస్తే లోపల లేత గోధుమ రంగు పొర కప్పుకుని గింజ ఉంటాది. ఆ పొరే తవుడు. ఊక మాత్రం తీసి తవుడు ఉంచితే అది ముడిబియ్యం. రోట్లో పోసి రోకలితో దంచితే తవుడు కొంచెం రాలి కొంచెం నిలుస్తాది, అది దంపుడు బియ్యం. మన హోసూరు అంగళ్లలో "కైకుత్తల్ అరిసి" అని అడిగితే ఇచ్చేది ఈ రకమే. ఇప్పుడు ఎవురూ చేత్తో దంచడం లేదు, అది వేరే మాట. తవుడంతా గీకేసి మెరుగు పెడితే మనం తినే మల్లెపువ్వు లాంటి తెల్లబియ్యం.

మిల్లులో పని చేసినోళ్లకు నేను ఇట్ల చెప్తే తొందరగా అర్థమవుతాది. కోంబర్ మిషన్లో పొట్టి పోగులన్నీ దువ్వి తీసేస్తే నూలు నున్నగా వస్తాది, తీసేసిన దూది వేస్టు కిందికి పోతాది. బియ్యం పాలిష్ కూడా అంతే. కాకపోతే ఇక్కడ వేస్టు కిందికి పోయేది గింజలోని సత్తువ. మా చిన్నప్పుడు డెంకణీకోట పక్క మా ఊర్లో తవుడు ఆవులకు పెట్టి, ఆవు ఎంత నిగనిగలాడతా ఉందో అని మురిసేవాళ్లం. ఆ బుద్ధి మా మీద మాకు రాలేదు. నిజానికి మా ఇండ్లలో అప్పుడు వరి అన్నం దొరికేదే పండగలకు. మిగతా దినాలన్నీ రాగి సంగటి, కొర్రలు, సామలు. మిల్లులో చేరి జీతం తీసుకున్నాకే మూడు పూటలా తెల్లన్నం అలవాటయింది. తెల్లన్నం తినడం అంటే మనం పైకొచ్చినాం అనే గుర్తు. అందుకే ముడిబియ్యం అంటే మన పెద్దోళ్లకు ఇప్పటికీ చిన్నచూపు. "మళ్లీ బీద కూడా?" అంటారు.

ఈ తవుడు కోసం ఒక పెద్ద కథ నడిచింది. పోయిన శతాబ్దానికి ముందు, 1890ల్లో, జావా దీవిలో ఐక్మాన్ అనే డచ్చి డాక్టరు ఉండేవాడు. అక్కడ జనాలకు బెరిబెరి అనే జబ్బు. కాళ్లు తిమ్మిరెక్కి చచ్చుబడతాయి, కొందరికి ఒళ్లు వాచిపోతాది, గుండె దెబ్బతిని చనిపోతారు. ఆయన దగ్గరుండే కోళ్లకు పాలిష్ బియ్యం పెడితే వాటికీ కాళ్లు పడిపోయినాయి. తవుడున్న బియ్యం పెడితే లేచి తిరిగినాయి. మా మనవడు అన్న "కోళ్లకా" అన్న మాట గుర్తొచ్చి, ఇది చదివినప్పుడు నేను నవ్వుకున్నా. ఆ పనికి ఆయనకు 1929లో నోబెల్ బహుమానంలో పాలు ఇచ్చినారు. తవుడులో ఉండే ఆ వస్తువునే ఇప్పుడు విటమిన్ బి1 అంటా ఉండారు. మెరుగు పెట్టిన పచ్చిబియ్యంలో అది దాదాపు ఐదో వంతే మిగులుతాది.

ఇది జావా కథ మాత్రమే కాదు, మన తెలుగోళ్ల కథ కూడా. తెల్లదొరల కాలంలో మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారుల్లో, అంటే తెలుగు కోస్తా జిల్లాల్లో. అక్కడ జనం మిల్లులో పట్టిన పచ్చిబియ్యం తినేవాళ్లు. కిందున్న తమిళ జిల్లాల్లో ఆ జబ్బు చాలా తక్కువ. ఎందుకంటే వాళ్లు తినేది పుళుంగల్ అరిసి, మన మాటలో ఉప్పుడు బియ్యం. వడ్లను ఊకతోనే నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి అప్పుడు పట్టిస్తారు. ఉడికేటప్పుడు తవుడులోని సత్తువ కొంత గింజ లోపలికి దిగిపోతాది. తరువాత పాలిష్ పట్టినా అంతా పోదు. మన తెలుగోళ్లం ఇక్కడ రేషన్లో పుళుంగల్ అరిసి ఇస్తే ముక్కు మూసుకుంటాం. వాళ్ల తాతలను కాపాడింది ఆ బియ్యమే.

ఈ బెరిబెరి సంగతి కనుక్కోవడానికే 1918లో నీలగిరిలోని కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో పరిశోధన మొదలుపెట్టినాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు మారింది. దాన్నే ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటారు. తమిళనాడులో పుట్టి తెలుగునాడులో స్థిరపడింది. మనం తెలుగు మాట్లాడతా తమిళనాడులో ఉండాం. లెక్క సరిపోయింది.

ఇంక వంటకు వద్దాం. నాకు నేర్పించింది మా వీధి చివర ఉండే ఒక అవ్వ. చిన్నప్పుడు రోట్లో వడ్లు దంచిన చేతులు ఆమెవి. నేను పడే అవస్థ విని, "ఏమప్పా, తవుడు పొర అంటే గింజకు కట్టిన గొడుగు. నీళ్లు లోపలికి దూరాల్నా వద్దా? దానికి యాళ ఇయ్యి" అనింది. ఆమె మాటే అసలు రహస్యం. నీళ్లు, సెగ రెండూ ఎంత ముఖ్యమో, యాళ అంతకన్నా ముఖ్యం.

మొదటి పని నానబెట్టడం. రేపు మధ్యాన్నానికి కావాలంటే ఈ రాత్రి పడుకునే ముందు బియ్యం రెండుసార్లు కడిగి, గింజలు మునిగి నాలుగు వేళ్లు పైకి ఉండేటట్ల నీళ్లు పోసి మూత పెట్టండి. 6 నుంచి 8 గంటలు నానాలి. ఎండాకాలం అయితే నడుమ ఒకసారి నీళ్లు మార్చండి, లేకుంటే పులుపు వాసన వస్తాది. మరిచిపోయినారా? బాగా కాగిన నీళ్లు పోసి మూత పెట్టి ఒక గంటన్నా ఉంచండి. పూర్తిగా నానినంత రాదు గానీ ఏమీ నానబెట్టని దాని కన్నా మేలు.

రెండో పని నీళ్ల కొలత. నానకముందు కొలిచిన గ్లాసు లెక్క చెప్తా ఉండా. నానిన బియ్యానికి కుక్కర్లో ఒక గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు. నానబెట్టకుంటే మూడు గ్లాసులు. పాత బియ్యమైతే ఇంకో పావు గ్లాసు ఎక్కువ, కొత్త బియ్యమైతే పావు తక్కువ. నానిన నీళ్లు వంచేసి మంచి నీళ్లు పోసుకోండి. చిటికెడు ఉప్పు, ఒక చెంచా నూనె వేస్తే నురగ పొంగడం తగ్గుతాది.

మూడో పని సెగ. అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేను చేసిందీ ఇక్కడే. విజిళ్లు లెక్కపెట్టొద్దు. పెద్ద మంట మీద మొదటి విజిల్ రానియ్యండి. వెంటనే మంట బాగా సన్నం చేసి 15 నిమిషాలు ఉంచండి. తరువాత స్టవ్ ఆపేసి, ఆవిరి తనంతట తాను దిగేదాకా ముట్టుకోవద్దు. గరిటెతో వెయిటు లేపి ఆవిరి వదలడం మన ఆడోళ్లకు అలవాటు. ఆ పది పదిహేను నిమిషాల్లోనే గింజ నడుమ పలుకు పోతాది. కుక్కర్ లోపల గిన్నె పెట్టి వండేవాళ్లు సన్న మంట 20, 25 నిమిషాలకు పెంచుకోవాలి. కుక్కర్ సగానికి మించి నింపొద్దు. ఈ బియ్యం పొంగు ఎక్కువ, తవుడు పొట్టు ఆవిరి రంధ్రంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. వండే ముందు రంధ్రం ఊది చూసుకోండి.

మూత తీసినాక ఒక గింజ రెండు వేళ్ల నడుమ నలపండి. నలిగితే అయింది. నడుమ తెల్లగా గట్టిగా చుక్క కనిపిస్తే పలుకు ఉంది. అప్పుడు అర గ్లాసు వేడి నీళ్లు చల్లి, మూత పెట్టి సన్న మంట మీద ఇంకో 5 నిమిషాలు. చన్నీళ్లు చల్లితే ఉడుకు తగ్గి మళ్లీ మొదటికొస్తాది.

కుక్కర్ లేనోళ్లు తపేలాలో వండొచ్చు. ఒక గ్లాసు నానిన బియ్యానికి నాలుగు గ్లాసుల ఎసరు పెట్టండి. ఎసరు మరిగినాక బియ్యం పోసి, పది నిమిషాలు బాగా కుతకుతలాడినాక మంట తగ్గించి, మూత కొంచెం ఓరగా పెట్టి 30 నిమిషాలు. గంజి వార్చొద్దు. ఏ విటమిన్ కోసం ఇంత పడతా ఉండామో అది గంజితో పాటే పోతాది. నీళ్లు మిగిలితే మూత తీసి సన్న మంట మీద ఇంకనియ్యండి. అయినా మిగిలితే ఆ గంజి పారబొయ్యకుండా మజ్జిగలోనో చారులోనో కలుపుకోండి.

గ్యాస్ ఎక్కువ కాలుతాదని భయమా? ఆ భయం నాకూ ఉండింది. దానికి అవ్వ చెప్పిన కంబళి ఉపాయం ఉంది. తపేలాలో నానిన బియ్యం 15 నిమిషాలు బాగా మరిగించండి. మూత గట్టిగా పెట్టి దించి, వెంటనే పాత కంబళి చుట్టి, అట్టపెట్టెలో ఒక గంట మూలన పెట్టేయండి. ఆ వేడికే గింజ ఉబ్బతాది. తినే ముందు మళ్లీ పొయ్యి మీద పెట్టి 10 నిమిషాలు పొగలు కక్కేదాకా ఉడికిస్తే చాలు. ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్లకు ఇది భలే పనికొస్తాది.

ఒక్కసారిగా అంతా ముడిబియ్యానికి మారొద్దు. నోరు ఒప్పుకోదు, కడుపూ ఒప్పుకోదు. మొదటి రెండు వారాలు పావు వంతు, తరువాత సగం. కానీ తెల్లబియ్యం, ముడిబియ్యం ఒకే సారి పోస్తే ఒకటి గుజ్జవుతాది, ఒకటి పలుకుగా ఉంటాది. రేషన్ పచ్చిబియ్యం కలపాలంటే ముడిబియ్యాన్ని తపేలాలో ముందు 20 నిమిషాలు ఉడికించి అప్పుడు ఇది పోయండి. పుళుంగల్ అరిసి అయితే ఆ పేచీ తక్కువ. అదీ నిదానంగా ఉడికేదే కాబట్టి, రాత్రి నానిన ముడిబియ్యంతో దాదాపు కలిసే ఉడుకుతాది. రేషన్ బియ్యం ఉత్తినే వస్తాది, ముడిబియ్యానికి దుడ్లు పెట్టాలి. సగం సగం కలిపితే జేబుకూ తేలిక.

రేషన్ బియ్యంలో అక్కడక్కడా వేరే రంగుగా, నున్నగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తా ఉండారు కొందరు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. పారేయొద్దు.

పంటి బలం లేని ముసలోళ్లకు, చిన్న బిడ్డలకు ఇదే బియ్యాన్ని దోరగా వేయించి, మిక్సీలో నూకగా పట్టి, జావ కాచండి. మూడు పాళ్లు ముడిబియ్యం, ఒక పాలు ఉద్దిపప్పు, చెంచా మెంతులు నానబెట్టి రుబ్బితే దోసె ఎర్రగా, కరకరలాడతా వస్తాది. మా మనవడు కోళ్ల కూడు అన్నోడు ఇప్పుడు ఆ దోసెలు మూడు తింటాడు. నేను అది ఏ బియ్యమో వాడికి చెప్పలేదు.

ఈ అన్నంలోకి పలచని చారు అంతగా నప్పదు. చిక్కటి పులుసు కావాలి. చలికాలం అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు పులుసు చేసి కలుపుకుంటే ఆ రుచే వేరు. ఆకుకూర పప్పు, ఊరిబిండి, ఉలవచారు అన్నీ బాగుంటాయి. మిగిలిన అన్నంలో రాత్రి నీళ్లు పోసి, పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయతో సద్ది తింటే మధ్యాన్నం దాకా ఆకలి అనదు.

కొనేటప్పుడు జాగ్రత్త. తవుడులో నూనె ఉంటాది. నాళ్లు గడిస్తే ఆ నూనె ముక్కిపోయి బియ్యం కనరు వాసన వస్తాది, వండితే చేదు. నేను మొదట కొన్న 5 కిలోల్లో చివరి రెండు కిలోలు అట్లే పోయినాయి. నెలకు సరిపడా రెండు కిలోలే కొనండి. చేతిలోకి తీసుకుని వాసన చూసి కొనండి. పురుగు కూడా తెల్లబియ్యం కన్నా దీన్నే ముందు పడతాది. సత్తువ ఎక్కడుందో పురుగుకు తెలుసు, మనకే తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది. తడి లేని డబ్బాలో, ఎండ తగలని చోట పెట్టుకోండి.

షుగర్ ఉండేవాళ్లకు ఒక మాట. ఇది మందు కాదు. ముడిబియ్యమైనా బియ్యమే. నిదానంగా అరుగుతాది, పీచు ఎక్కువ, అంతవరకే. మంచిదని కంచం నిండా పెట్టుకుంటే చక్కెర పెరగక మానదు. మా ఇంట్లో ఇప్పుడు లెక్క ఇది: కంచంలో సగం కూరలు, పావు పప్పో గుడ్డో, పావు అన్నం. మాత్రలు డాక్టరు చెప్పినట్లే, తిండి యాళకు. మూత్రపిండాల జబ్బు ఉండేవాళ్లు మాత్రం ముడిబియ్యం మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి, వాళ్లకు కొన్ని ఉప్పులు పడవు.

చివరగా ఒకటి. ఇంట్లో వండేవాళ్లను నొప్పించకూడదని మనం చాలా మాటలు మింగుతాం. మా ఇంటామె మొదటి దినమే "ఇది నమలలేకపోతా ఉండా" అని ఉంటే ఆ మధ్యాన్నం వచ్చేది కాదు. నేను ఆమె తిన్న కంచం ఒక్కసారి చూసి ఉన్నా వచ్చేది కాదు. వండినోళ్లు అడగండి, తిన్నోళ్లు చెప్పండి. మొన్న ఆమె మొదటిసారి రెండోసారి అన్నం పెట్టమని కంచం చాపింది. పావు లెక్క దాటుతాదని నేను పెట్టలేదు. తిట్టింది. ఆ తిట్టు నాకు చల్లగా ఉండింది.

వచ్చే నెల ఉలవల గురించి రాస్తా. అంతవరకు సెలవు.